చుక్క ఎక్కడ పెట్టాలి

అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ. 1920ల నడిమి రోజులు, ఆగస్టు నెలాఖరు. కోర్ట్ స్క్వేర్‌లో ఫౌంటెన్ పక్కన నిలబడి ఉన్నారు మీరు. ఒకవైపు డెక్స్‌టర్ అవెన్యూ మెల్లగా మిట్ట ఎక్కి, తెల్ల గుమ్మటం ఉన్న శాసనసభ ముందు ఆగుతుంది. ఇంకోవైపు కామర్స్ స్ట్రీట్ నదికేసి దిగుతుంది. 1886 నుంచే ఈ ఊళ్లో కరెంటు ట్రాములున్నాయి. ఒకటి ఇప్పుడే గంట కొట్టుకుంటూ మీ పక్కనుంచి వెళ్లింది. దాని వెంట పోకండి. నది వైపు నడవండి.

ఇటంతా టోకు వ్యాపారం. కిరాణా గిడ్డంగులు, పత్తి గోదాములు, గుర్రాలకూ పశువులకూ దాణా అమ్మే కొట్లు, మధ్యమధ్య పనివాళ్లు భోంచేసే హోటళ్లు. ఒక దాణా కొట్లో అడుగు పెట్టండి. ఎండలోంచి వచ్చారు కనక కాసేపు ఏమీ కనిపించదు. ముందు వాసన తగులుతుంది: మొక్కజొన్న, ఎండుగడ్డి, పత్తిగింజల చెక్క, వాటన్నిటి అడుగునా ఎలుక ఉచ్చ కంపు. కళ్లు కుదురుకున్నాక చూస్తే అడుగు వరస బస్తాల మూలలు కొరికేసి ఉన్నాయి. గోడ వారన నేలను ఆనుకుని నల్లటి జిడ్డు చార. ఎలుకలు రోజూ ఒకే దారిన, గోడకు ఒళ్లు రాసుకుంటూ పోగా పోగా పడ్డ చార అది. గుమాస్తా ఒక బస్తాను భుజానికెత్తుకున్నాడు. మెడ మీద ఏదో కుట్టినట్టుంది, చేత్తో గట్టిగా రుద్దుకుని లోపలికి పోయాడు. మీరూ చీలమండ గోక్కున్నారు. ఈ గోకుడు సంగతి మళ్లీ మాట్లాడుకోవాలి.

పది రోజులు పోనిచ్చి ఆ గుమాస్తా ఇంటికి వెళ్దాం. అతని పేరు ఏ రికార్డులోనూ వెతక్కండి. ఆ ఏళ్లలో ఆ ఊళ్లో జబ్బుపడ్డవాళ్ల లక్షణాలు కలిపి నేను మంచమెక్కించిన మనిషి. ఊరి చివర, చెట్ల నీడన శుభ్రమైన ఇల్లు. ఉతికిన దుప్పటి. మనిషి మాత్రం కిటికీ తెర దించమని, కళ్లు మూసుకుని పడుకున్నాడు. తల పగిలిపోతోందంటాడు. నడుము, పిక్కలు, ఒళ్లంతా నొప్పులు. జ్వరం 103 దగ్గర మొదలై 104కి ఎక్కింది, దిగనంటోంది. అయిదో రోజు డాక్టరు చొక్కా ఎత్తి చూస్తే పొట్ట మీద, రొమ్ము మీద సన్నటి గులాబీ రంగు మచ్చలు. మొహం మీద లేవు, అరచేతుల్లో లేవు.

డాక్టరు మనసులో మొదట మెదిలేది టైఫాయిడ్. ఆ కాలంలో అమెరికా దక్షిణాదిన వారం దాటిన జ్వరమంటే టైఫాయిడో మలేరియానో. కానీ ఇతని జ్వరం మొదటిరోజే చలితో, తలనొప్పితో ఒక్కసారిగా విరుచుకుపడింది, టైఫాయిడ్ లాగా మెట్టు మెట్టుగా ఎక్కలేదు. రెండు వారాలకు అదే తగ్గుతుంది కూడా. అదే మంచం మీద పడుకునే భార్యకు ఏమీ లేదు. పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారు.

అతని రక్తం ఒక గాజు గొట్టంలో రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రయోగశాలకు వెళ్తుంది. అక్కడ లియోన్ హేవెన్స్ చేసే పరీక్ష చూడటానికి విచిత్రంగా ఉంటుంది. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫెలిక్స్ అనే ఇద్దరు టైఫస్ రోగి మూత్రంలో ప్రోటియస్ అనే బాక్టీరియాను పట్టారు. దానికీ టైఫస్‌కూ ఏ సంబంధమూ లేదు. అయినా టైఫస్ వచ్చినవాళ్ల రక్తపు సీరం కలిపితే ఆ బాక్టీరియా గుంపులు కట్టి కిందికి దిగిపోతుంది. ఎందుకో తెలియకుండానే పనికొచ్చిన పరీక్ష ఇది. గుమాస్తా సీరం వేసిన గొట్టంలో కూడా పాలలాంటి ద్రవం విరిగి, అడుగున పొరలు కట్టింది. టైఫస్!

అక్కడే చిక్కు. టైఫస్ అంటే అప్పటికి పేను జబ్బు. 1909లో ట్యూనిస్‌లో ఛార్లెస్ నికోల్ ఆ సంగతి తేల్చాడు. 1928లో దానికి నోబెల్ బహుమతి రాబోతోంది. టైఫస్ అంటే యుద్ధం, చలికాలం, జైలు, కాందిశీకుల శిబిరం, మార్చుకోడానికి గుడ్డల్లేని జనం. ఇక్కడ చూస్తే ఎండ మండిపోతోంది, దుప్పటి తెల్లగా ఉంది, గుమాస్తా రోజూ స్నానం చేసే మనిషి. తల వెతికారు, చొక్కా కుట్ల వెంట వెతికారు, ఒక్క పేను లేదు.

ఈ చిక్కు విప్పే పని మీద ఉన్నవాడు అమెరికా ప్రజారోగ్య సర్వీసుకు చెందిన కెన్నెత్ మాక్సీ. హేవెన్స్‌తో కలిసి 1923లోనే ఇలాంటి కేసులన్నీ ఒకచోట చేర్చి అచ్చు వేయించాడు. ఇప్పుడు అతని బల్ల దగ్గరికి రండి. బల్ల మీద మాంట్‌గోమరీ పటం. 1922 నుంచి 1925 దాకా ఊళ్లో నమోదైన కేసులు పక్కన కాగితాల మీద ఉన్నాయి. ఒక్కో రోగి ఇల్లు ఎక్కడో చూసి పటం మీద ఒక్కో చుక్క పెట్టండి. ఎవరైనా ముందు చేసే పని అదే కదా. రోగి అనగానే ఇంటి చిరునామా అడుగుతాం, ఇల్లే అతని చోటు అనుకుంటాం.

చుక్కలన్నీ పెట్టాక వెనక్కి జరిగి చూడండి. తూర్పున నాలుగు, పడమట అయిదు, మధ్యలో రెండు, చివర్న ఒకటి, ఇలా ఎక్కడపడితే అక్కడ చల్లినట్టున్నాయి. బీదవాడలో ఎక్కువేమీ లేవు. ఒకే ఇంట్లో రెండోవాళ్లకు వచ్చింది అరుదు. పేనే కారణమైతే ఇలా ఉండదు. పేను పక్కలో పడుకున్నవాళ్లను వదలదు, ఇంటి నుంచి ఇంటికి పాకి వీధులకు వీధులు పట్టుకుంటుంది. ఈ పటంలో ఏ వీధీ కనిపించడం లేదు.

మాక్సీ ఇంకో పటం తీసుకున్నాడు. అవే పేర్లు, అదే ఊరు. ఈసారి చుక్క పెట్టేది పడుకునే చోట కాదు, పనిచేసే చోట.

పెట్టండి. మొదటి చుక్క కోర్ట్ స్క్వేర్ దగ్గర. రెండోది దానికి రెండు వీధుల అవతల. మూడోది అక్కడే. పదో చుక్క వచ్చేసరికి వేలు పెట్టడానికి సందు ఉండదు. ఊరంతా చెదిరి ఉన్న చుక్కలు వ్యాపార వీధుల్లోకి వచ్చి ముద్దకట్టాయి. అక్కడ కూడా బ్యాంకు గుమాస్తాల మీద, వకీళ్ల మీద కాదు బరువు. కిరాణా కొట్లు, దాణా కొట్లు, తిండి సరుకు నిల్వచేసే గిడ్డంగులు, హోటళ్లు. తిండి గింజ ఎక్కడ పోగుపడుతుందో అక్కడ జ్వరం ఉంది. గింజ ఉన్నచోట ఇంకెవరుంటారో చెప్పక్కర్లేదు.

ఒక్క మాట. పటం మీదికి ఎక్కింది డాక్టరు దాకా వెళ్లగలిగినవాళ్ల జ్వరాలు. అవే గిడ్డంగుల్లో అవే బస్తాలు మోసిన నల్లవాళ్లకు ఆ కాలపు అలబామాలో డాక్టరు గుమ్మం అంత సులువుగా దొరికేది కాదు. పటం చూసేటప్పుడు ఆ ఖాళీని కూడా చూడాలి.

1926లో మాక్సీ తన మాట రాసేశాడు. ఈ జబ్బుకు మూలం ఎలుకో చుంచో అయి ఉండాలి, దాన్ని మనిషికి అందించేది ఫ్లీ అనే గెంతుడు పురుగు గానీ, మైట్ అనే సన్నటి పురుగు గానీ, పిడుదు గానీ కావచ్చు. అప్పటికి అతను ఒక్క ఎలుకలోనూ ఆ క్రిమిని చూడలేదు. మైక్రోస్కోపుతో పని పడకుండా, చుక్కల చోటు మార్చి రాబట్టిన జవాబు అది. ఎపిడెమియాలజీ చదివే పిల్లలకు ఆ రెండు పటాలు చాలాకాలం పక్కపక్కనే పెట్టి చూపించారు. నన్నడిగితే రెండో పటం కన్నా మొదటి పటమే ముఖ్యం. అది తప్పని ఒప్పుకోవడానికి మాక్సీ సిద్ధపడ్డాడు గనకే రెండోది పుట్టింది.

సరిగ్గా అవే ఏళ్లలో భూమికి అటువైపున కూడా ఇదే గుసగుస. ఆస్ట్రేలియాలో పోర్ట్ అడిలైడ్ రేవులో గోధుమ బస్తాలతో పనిచేసేవాళ్లకు ఇలాంటి జ్వరాలు వస్తున్నాయని ఫ్రాంక్ హోన్ 1922లో రాశాడు. కౌలాలంపూర్‌లో ఫ్లెచర్, లెస్లర్ టైఫస్‌ను రెండుగా విడదీశారు: పొదల్లో, తోటల్లో తిరిగేవాళ్లకు వచ్చేది ఒకటి, పట్నంలో దుకాణాల దగ్గర వచ్చేది ఒకటి. రెండోదాన్ని దుకాణాల టైఫస్ అన్నారు. ఈ ముగ్గురూ రోగి ఒంటిని ఎంత చూశారో, రోగి పనిని అంత చూశారు.

ఇక సాక్ష్యం కావాలి. బాల్టిమోర్‌లో జ్వరం వచ్చినచోట బోనులు పెట్టి ఎలుకల్ని పట్టారు. రోలా డయ్యర్, రమ్‌రైక్, బ్యాడ్జర్ ఆ ఎలుకల బొచ్చు దువ్వి ఫ్లీలను దులిపి, నూరి, ఆ రసాన్ని గినీ పందులకు ఎక్కించారు. గినీ పందులకు టైఫస్ తరహా జ్వరం వచ్చింది. 1931లో ఆ ఫలితం అచ్చయింది. అదే ఏడాది మెక్సికో నగరంలో స్విట్జర్లాండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ హెర్మన్ మూసర్, మెక్సికో శాస్త్రజ్ఞుడు రూయీస్ కాస్టనేడా, హార్వర్డ్ నుంచి హాన్స్ జిన్సర్ కలిసి బెలెం జైలు ఎలుకల్లో టైఫస్ క్రిమిని పట్టుకున్నారు. మూసర్‌కు ఒక గురుతు తెలుసు. ఈ జాతి క్రిమి ఎక్కిస్తే మగ గినీ పంది వృషణాల సంచి ఎర్రగా ఉబ్బుతుంది, అక్కడి కణాలు రికెట్సియాలనే ఆ టైఫస్ క్రిములతో కిక్కిరిసి ఉంటాయి. పేను టైఫస్‌లో ఆ ఉబ్బు అంతగా రాదు. ఎలుక టైఫస్ వేరు, పేను టైఫస్ వేరు అని విడదీసి చూపడానికి ఈ ఉబ్బే దారి చూపింది.

ఇప్పుడు చిన్నవాళ్లమవుదాం. ఎంత చిన్నగా అంటే, దాణా కొట్లో ఎలుక వీపు మీద వెంట్రుకలు మనకు వెదురు పొదలంత ఎత్తున కనిపించాలి. కింద నేల వెచ్చగా ఉంది, కదులుతోంది. వెంట్రుకల మధ్య నుంచి పక్కల నొక్కుకుపోయిన, రెక్కల్లేని, గోధుమ రంగు పురుగు ఒకటి ఈదుతున్నట్టు జారుకుంటూ వస్తోంది. వెనక కాళ్లు పొడుగు, దూకడానికి. ఇదే ఎలుక ఫ్లీ, క్సీనాప్సిల్లా కియోపిస్. 1903లో ఛార్లెస్ రోత్‌షీల్డ్ దీనికి ఈజిప్టు ఫారో కియోప్స్ పేరు పెట్టాడు. బొంబాయిని, ఆ తర్వాత దేశంలో సగాన్ని ఏడిపించిన ప్లేగును మోసింది కూడా ఇదే పురుగు. కానీ ప్లేగు దీన్ని కూడా చంపుతుంది. ప్లేగు క్రిములు దాని గొంతులో అడ్డం పడి, మింగలేక, ఆకలితో కుట్టిన చోటల్లా కక్కి చస్తుంది. టైఫస్ అలా చెయ్యదు. రికెట్సియా టైఫీ ఫ్లీ పేగు గోడ కణాల్లో చేరి హాయిగా పెరుగుతుంది, ఫ్లీకి ఏ ఇబ్బందీ ఉండదు. ఎలుకకు కూడా పెద్ద జబ్బేమీ చెయ్యదు. కొన్నాళ్లు దాని రక్తంలో తిరిగి, ఆ రక్తం తాగిన కొత్త ఫ్లీలకు అంటి, వెళ్లిపోతుంది. పేను టైఫస్ తన పేనునే చంపేస్తుంది. ఈ టైఫస్ ఇంటివాళ్లెవరినీ నొప్పించదు. ప్లేగు వస్తే ఎలుకలు ముందు రాలి పడి హెచ్చరిస్తాయి. ఇక్కడ ఆ హెచ్చరిక కూడా లేదు.

ఎలుక వీపు మీది ఫ్లీ ఎగిరి గుమాస్తా మెడ మీద వాలింది. కుట్టింది, రక్తం పీలుస్తోంది. ఫ్లీ తాగుతూనే వెనక నుంచి నల్లటి చిన్న చుక్కలుగా రెట్ట వేస్తుంది. క్రిములు ఉండేది ముఖ్యంగా అందులో. దురద పుట్టి గుమాస్తా గోక్కున్నాడు. గోటి కింద ఆ రెట్ట నలిగి, గీరుకుపోయిన చర్మంలోకి దిగింది. కుట్టుడు పురుగుది, ఎక్కించుకున్నది మన గోరు. ఎండిన రెట్ట దుమ్ములో చాలాకాలం చావకుండా ఉంటుంది. బస్తా దులిపినప్పుడు ఆ దుమ్ము ముక్కులోకి, కంట్లోకి పోయినా చాలు. అందుకే కుట్టిన గుర్తే లేదనే రోగులు చాలామంది.

అక్కడి నుంచి క్రిమి రక్తంలో పడి, సన్నటి రక్తనాళాల లోపలి పొర కణాల్లో దూరుతుంది. వారం నుంచి రెండు వారాలు చప్పుడుండదు. తర్వాత ఒంట్లో ఎక్కడెక్కడ సన్ననాళాలున్నాయో అక్కడంతా గోల. పాత రబ్బరు గొట్టం చెమర్చినట్టు నాళాలు చెమరుస్తాయి. పొట్ట మీద కనిపించిన మచ్చలు అవే. తలలో అవే నాళాలు, ఊపిరితిత్తుల్లో అవే, కాలేయంలో, మూత్రపిండాల్లో అవే. ఎక్కువమందికి తగ్గిపోతుంది. వయసు మళ్లినవాళ్లలో, ఆలస్యమైనవాళ్లలో న్యుమోనియా, మెదడు వాపు, మూత్రపిండాలు చెడటం దాకా పోవచ్చు. చనిపోయేవాళ్లు తక్కువే కానీ లేకపోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా దక్షిణాదిన ఇది చిన్న సంగతి కాదు. 1944 ఒక్క ఏడాదిలో 5,000కు పైగా కేసులు. ఆ మరుసటి ఏడాది నుంచి డీడీటీ పొడి బస్తాలతో జనం ఎలుక దారుల మీదికి దిగారు. నేను ముందు చూపించిన జిడ్డు చారలున్నాయే, సరిగ్గా వాటి వెంట, ఎలుక కన్నాల ముందు పొడి చల్లుతూ పోయారు. పొడి ఎలుకను చంపడానికి కాదు, ఎలుక ఒంటికి అంటుకుని ఫ్లీలను చంపడానికి. వరస ముఖ్యం: ముందు ఫ్లీ, తర్వాత ఎలుక. తారుమారు చేసి ముందు ఎలుకల్ని చంపితే చల్లబడ్డ ఒంటి మీద ఫ్లీలు ఉండవు, వెచ్చటి ఒళ్లు వెతుక్కుంటాయి. దగ్గర్లో ఉన్నది మనమే. ఆ వరస పాటించారు కనక 1950ల చివరికి దేశమంతా కలిపి ఏటా వంద లోపుకు పడిపోయింది. వైద్య విద్యార్థుల పుస్తకంలో ఒక పేజీ కాస్తా ఒక పేరాకు కుదించుకుపోయింది. జబ్బు మాత్రం దక్షిణ టెక్సస్‌లో, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల మిగిలే ఉంది.

ఇక ఈ రోజుల్లోకి రండి. టెక్సస్ రాజధాని ఆస్టిన్ శివార్లు, జూన్ నెల. ఇక్కడి వీధుల్లో తెలుగు వినపడటం వింతేం కాదు. 2008లో ఈ ఆస్టిన్ ఉన్న కౌంటీలోనే 33 మందికి ఈ ఎలుక టైఫస్, అంటే ఫ్లీ టైఫస్, వచ్చింది. 2003 నుంచి 2013 దాకా టెక్సస్ మొత్తం మీద 1,762 కేసులు లెక్క తేలాయి. కోర్ట్ స్క్వేర్ లాంటి పాత బజారు కాదిది. కొత్త ఇళ్లు, కత్తిరించిన పచ్చిక, చెక్క కంచెలు. బస్తాలు లేవు, జిడ్డు చారలు లేవు.

ఇలా అనుకుందాం. తెనాలి నుంచి ఒక పెద్దావిడ కూతురింటికి మార్చిలో వచ్చారు. ఆరు నెలలు ఉంటారు. అయిదు రోజులుగా జ్వరం, తల ఎత్తలేనంత నొప్పి, వాంతులు. దగ్గర్లోని క్లినిక్‌లో మూత్రంలో ఇన్ఫెక్షన్ అని సెఫలెక్సిన్ ఇచ్చారు. జ్వరం దిగలేదు. ఇప్పుడు పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీలో పరుపు మీద ఉన్నారు. మీరు తెర పక్కన నిలబడండి.

డాక్టరమ్మ వచ్చి మొదట అడిగింది ఏ దేశం నుంచి వచ్చారని. ఇండియా అనగానే కంప్యూటర్లో నాలుగు పేర్లు పడ్డాయి: మలేరియా, డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా. తప్పు పట్టలేం. కానీ ఆవిడ చుక్క పెట్టింది ఇంటి చిరునామా మీదే, అదీ దాదాపు పదిహేను వేల కిలోమీటర్ల అవతల! లెక్క వేస్తే కుదరదు. డెంగీ అయినా చికున్‌గున్యా అయినా దోమ కుట్టిన రెండు వారాల్లో బయటపడాలి. టైఫాయిడ్ మామూలుగా మూడు వారాల్లోపు. ఈవిడ వచ్చి మూడు నెలలు. మలేరియా ఒక్కటి నెలల తరబడి దాక్కోగలదు, దానికి రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి చూశారు, ఏమీ లేదు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువ, సోడియం తక్కువ, కాలేయపు ఎంజైములు రెండు మూడు రెట్లు. ఒక్కోటి విడిగా ఏ జబ్బులోనైనా ఉంటాయి. మూడూ కలిసి, తలనొప్పితో వచ్చి, వేరే కారణం దొరక్కపోతే, టెక్సస్‌లో పనిచేసే డాక్టరు ఒక క్షణం ఆగాలి.

ఈ డాక్టరమ్మ ఆగింది.

“ఇంట్లో పెంపుడు జంతువులున్నాయా?”

“లేవండీ,” అంది కూతురు ఇంగ్లీషులో.

“ఏమంటున్నారే?” అన్నారు పెద్దావిడ కళ్లు తెరవకుండా.

“కుక్కలూ పిల్లులూ ఉన్నాయా అంటున్నారమ్మా. లేవన్నాను.”

“లేకపోవడమేంటే? వెనకాల పిల్లి రోజూ వస్తుందిగా. పెరుగన్నం పెడుతున్నా. మొన్న ఒళ్లో కూడా పడుకుంది.” కాసేపాగి, “రాత్రిపూట ఇంకోటొస్తుంది. తెల్ల మొహం, బోడి తోక. పెద్ద పందికొక్కులా ఉంటుంది. మిగిలింది అది తినిపోతుంది.”

కూతురు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పేసరికి డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. తెల్ల మొహం, బోడి తోక అంటే అపోసమ్, సంచిలో పిల్లల్ని మోసే జంతువు. కాలిఫోర్నియా, టెక్సస్ శివార్లలో ఎలుక ఉద్యోగాన్ని అది, పిల్లి మీద ఉండే ఫ్లీ కలిసి నడుపుతున్నాయి. ఆస్టిన్‌లో పట్టిన అపోసమ్‌ల రక్తంలో టైఫస్ యాంటీబాడీలు దొరికాయి. దానికి జబ్బు చెయ్యదు, వీధి పిల్లికీ చెయ్యదు. రెండూ ఒకే గిన్నెలో తింటాయి. ఫ్లీలు అటూ ఇటూ మారతాయి.

మచ్చలున్నాయేమో చూడాలి. మన ముదురు ఛాయ మీద ఈ మచ్చలు తెలియవు. అసలు రోగుల్లో దాదాపు సగం మందికే వస్తాయి, అదీ వారం దగ్గర పడ్డాక. జ్వరం, తలనొప్పి, మచ్చలు మూడూ కలిస్తేనే టైఫస్ అని పుస్తకం పట్టుకు కూర్చుంటే చాలామంది చేజారిపోతారు. దీపం పక్కనుంచి వేసి చూస్తే పొట్ట మీద అటూ ఇటూ కాని కొన్ని మరకలు. ఉన్నాయనీ అనొచ్చు, లేవనీ అనొచ్చు.

“పరీక్ష చేయిస్తారా?” అన్నాడు అల్లుడు.

చేయిస్తారు. యాంటీబాడీ పరీక్షకు రక్తం తీస్తారు. కానీ మొదటి వారంలో ఒంట్లో యాంటీబాడీలే తయారై ఉండకపోవచ్చు. ఇవాళ లేదని వస్తే అది లేదన్నట్టు కాదు. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తీసి, నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు ఖాయం. అంటే ఖాయమయ్యే వేళకు రోగికి తగ్గి అయినా ఉండాలి, మీద పడి అయినా ఉండాలి. అందుకే మందు ముందు, కాగితం తర్వాత. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు. చవకైన, పాత మందు. సెఫలెక్సిన్ ఎందుకు పనిచెయ్యలేదంటే, ఈ క్రిమి ఉండేది మన కణాల లోపల, ఆ జాతి మందులు దాన్ని ఏమీ చెయ్యలేవు. అజిత్రోమైసిన్ చాలదా అని కొందరంటారు. లావోస్‌లోని వియంటియాన్‌లో ఈ జబ్బు మీదే పోల్చి చూశారు, డాక్సీదే పైచేయి అని తేలింది.

ఈ ముక్క తెనాలిలోని వాళ్లకు కూడా పనికొస్తుంది. మన దగ్గర వారం దాటిన జ్వరానికి వైడల్ పరీక్ష చేసి, టైఫాయిడ్ అని చీటీ రాసి, సెలైన్‌లో సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించడం చూస్తూనే ఉన్నాం. అది కూడా రికెట్సియాను తాకదు. పొలాల్లో, పొదల్లో పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ పేరు ఈమధ్య తెలుగు పత్రికల్లో కనిపిస్తోంది. కుట్టిన చోట నల్లటి పొక్కు కోసం డాక్టర్లు వెతుకుతున్నారు. ఫ్లీ టైఫస్‌కు ఆ పొక్కు ఉండదు. మిల్లుల్లో, మార్కెట్ యార్డుల్లో, కిరాణా గోదాముల్లో పనిచేసి, తగ్గని జ్వరంతో వచ్చినవాణ్ణి “ఏ ఊరు నాయనా?” అని అడుగుతాం. “ఏం పని చేస్తావు?” అని ఎందరు అడుగుతున్నారు?

ఆసుపత్రి పరుపు దగ్గరికి మళ్లీ రండి. మందు మొదలుపెట్టిన రెండో రాత్రి చెమట పట్టింది. మూడో రోజు పొద్దున జ్వరం లేదు. పెద్దావిడ లేచి కూర్చుని, ఇక్కడి కాఫీ కాఫీయేనా అన్నారు. నర్సుకు అర్థం కాకపోయినా నవ్వింది. అల్లుడికి కాగితాలు అప్పజెప్తూ డాక్టరమ్మ చెప్పింది: వారం పాటు మాత్రలు ఆపకూడదు, నిండా నీళ్లతో వేసుకోవాలి, ఎండలో తిరగకూడదు. రెండో రక్తపరీక్షకు తప్పక రావాలి, రాకపోతే ఈ కేసు కౌంటీ లెక్కలోకి సగమే ఎక్కుతుంది.

ఇంటి పని వరస కూడా చెప్పింది. డీడీటీ రోజుల వరసే. ముందు ఫ్లీల మందు చల్లించాలి, ఇంటి వెనక చెక్క అరుగు కింద, పచ్చికలో. వీధి పిల్లిని పట్టి పశువైద్యుడి చేత ఫ్లీల మందు వేయించాలి. ఎలుకలకు బోన్లు, అపోసమ్ దూరే సందులు మూయడం అన్నీ ఆ తర్వాత. చెత్తడబ్బాకు మూత ఉండాలి. రాత్రి బయట తిండి ఉంచకూడదు.

కూతురు ఒక్కోటీ తెలుగులో చెబుతోంది. పెద్దావిడ అన్నిటికీ తలూపారు, చివరిదాకా వచ్చి ఆగారు.

“బాబూ,” అన్నారు అల్లుడి వైపు తిరిగి, “మందులూ బోన్లూ నీ ఇష్టం. ఆ పిల్లి కడుపుతో ఉంది. దానికి అన్నం ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడనే అడుగు.”

అల్లుడు అడిగాడు. పగలు పెట్టండి, తినగానే గిన్నె లోపలికి తీసెయ్యండి, ఒళ్లో మాత్రం పడుకోబెట్టుకోకండి అని డాక్టరమ్మ కాగితం అడుగున చేత్తో రాసిచ్చింది.